సర్కారు చెయ్యి పొడుగైన కాలం

(ఆత్మకూరులో చేసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు స్మారకోపన్యాస పాఠం)



గాడిచర్ల వారి పేరు మీద ఉపన్యాసమంటే గ్రంథాలయాల గురించో, వయోజన విద్య గురించో, రాయలసీమ హక్కుల గురించో మాట్లాడటం రివాజు. నేను అమెరికా ప్రభుత్వం గురించి, అది తన ఇల్లు చక్కబెట్టుకుని రెండు ప్రపంచయుద్ధాల్లోకి దిగిన తీరు గురించి మాట్లాడతానన్నాను. నల్లమల అంచున, శ్రీశైలం దారిలో ఉన్న ఊళ్ళో వాషింగ్టన్ సంగతులు ఎవరిక్కావాలని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ సంగతులు తెలుగువాళ్ళకు మొదట చెప్పినవాళ్ళలో కర్నూలు మనిషే ఉన్నాడు. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమాల పెట్టినప్పుడు తొలి పుస్తకంగా వెలువడింది గాడిచర్ల వారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగు కూడా నిండలేదు. వందేమాతరం ఉద్యమంలో రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ నుంచి వెళ్ళగొట్టించుకున్న కుర్రవాడు, ఆ రోజుల్లో తెలుగు పాఠకుడి చేతిలో పెట్టదగిన జీవితం ఎవరిదని వెతుక్కుని, లింకన్ దగ్గర ఆగాడు.

ఆయన లింకన్ దగ్గర వదిలిపెట్టిన కథను ఈ పూట ముందుకు తీసుకుపోతాను. మొదటే ఒక మాట గుర్తుంచుకుందాం. బానిసత్వాన్ని తెంచిన లింకనే అమెరికాలో తొలిసారి కేంద్ర ఆదాయపు పన్ను వేశాడు. 1863లో నిర్బంధంగా సైన్యంలో చేర్చుకునే చట్టం మీద సంతకం పెట్టాడు. విచారణ లేకుండా మనుషుల్ని జైల్లో ఉంచే అధికారం కూడా తీసుకున్నాడు. అంతర్యుద్ధం ముగిశాక ఆ పన్నూ పోయింది, ఆ నిర్బంధమూ పోయింది. సర్కారు మళ్ళీ చిన్నదైపోయింది.

చిన్నదే కాదు, చెడ్డది కూడా అయింది. అక్కడ గెలిచిన పార్టీ పోస్టాఫీసు గుమాస్తా నుంచి కస్టమ్స్ కలెక్టరు దాకా ఉద్యోగాలన్నీ తనవాళ్ళకు పంచేది. ఉద్యోగం దొరికినవాడు జీతంలో కొంత పార్టీకి ముట్టజెప్పాలి. మళ్ళీ ఎన్నికలొచ్చి పార్టీ ఓడితే మూటాముల్లె సర్దుకోవాలి. 1881లో ఛార్లెస్ గిటో అనేవాడు, ఎన్నికల్లో తాను చేసిన ప్రచారానికి పారిస్‌లో కాన్సల్ ఉద్యోగం ఇవ్వాలని అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ చుట్టూ తిరిగి తిరిగి, ఇవ్వకపోయేసరికి జులై 2న రైల్వేస్టేషనులో తుపాకీతో కాల్చాడు. గార్‌ఫీల్డ్ సెప్టెంబరు దాకా మంచంలో ఉండి చనిపోయాడు. ఆయన స్థానంలోకి వచ్చిన ఛెస్టర్ ఆర్థర్ అచ్చంగా ఆ పంపకాల రాజకీయంలో పెరిగినవాడే. న్యూయార్కు కస్టమ్స్ హౌసులో కలెక్టరుగిరీ చేసి, పార్టీ మనుషుల్ని నింపాడన్న ఆరోపణ మీద పదవి పోగొట్టుకున్నాడు. అలాంటివాడు 1883 జనవరి 16న పెండిల్టన్ చట్టం మీద సంతకం పెట్టాడు. పరీక్ష రాసి, మార్కుల మీద ఉద్యోగం తెచ్చుకునే పద్ధతి అక్కడ మొదలైంది. మొదట్లో పదో వంతు ఉద్యోగాలకే వర్తించింది. ఒక్కో అధ్యక్షుడూ దిగిపోయేముందు తాను వేసిన మనుషుల్ని కాపాడుకోవడానికి మరికొన్ని ఉద్యోగాలను దాని కిందికి తెచ్చాడు. స్వార్థంతోనే సంస్కరణ పెరిగిందన్నమాట! అదే ఏడాది సెప్టెంబరు 14న కర్నూలులో గాడిచర్ల వారు పుట్టారు. కరణాలు, మునసబులు తండ్రి తర్వాత కొడుకుగా గ్రామాన్ని ఏలుతున్న కాలమది. ఆ వంశపారంపర్యం మన దగ్గర పోవడానికి 1984 రావలసి వచ్చింది.

ఇంకో సంస్కరణ సెనేటుది. 1913 దాకా సెనేటర్లను రాష్ట్ర శాసనసభలు ఎన్నుకునేవి. శాసనసభ్యుల్ని కొనగలిగినవాడు సెనేటరయ్యేవాడు. మోంటానా రాష్ట్రంలో రాగి గనుల ఆసామి విలియం క్లార్క్ 1899లో అలా గెలిచి, లంచాల గుట్టు బయటపడి, సెనేటు తనను తోసెయ్యకముందే 1900లో రాజీనామా చేశాడు. చాలా ఏళ్ళు పోరాడి 17వ సవరణతో ప్రజలే నేరుగా సెనేటర్లను ఎన్నుకునే హక్కు తెచ్చుకున్నారు. మన రాజ్యసభ నేటికీ ఎమ్మెల్యేల ఓట్లతోనే నడుస్తోంది. ఆ సంగతి మీద నేను వ్యాఖ్యానించను, మీకు తెలియనిది కాదు.

1913లోనే 16వ సవరణ. ఆదాయపు పన్ను రాజ్యాంగ విరుద్ధమని 1895లో సుప్రీంకోర్టు కొట్టేస్తే, రాజ్యాంగాన్నే మార్చారు. పెళ్ళయినవాడికి ఏడాదికి నాలుగు వేల డాలర్ల దాకా మినహాయింపు, అతి పెద్ద ఆసామికి కూడా ఏడు శాతమే. సామాన్యుడిని తాకని పన్ను. వస్తువుల మీద సుంకాలు తగ్గించి ధనవంతుల దగ్గర వసూలు చేద్దామన్నది ఉద్దేశం. ఆ ఏడాది డిసెంబరు 23న కేంద్ర బ్యాంకును నెలకొల్పే ఫెడరల్ రిజర్వు చట్టం వచ్చింది. ఒకే సంవత్సరంలో పన్ను, బ్యాంకు, ఓటు మూడూ మారాయి. చేయించినవాళ్ళలో ఎక్కువమంది మంచివాళ్ళే: పత్రికలవాళ్ళు, రైతు సంఘాలవాళ్ళు, మురికివాడల్లో పనిచేసే స్త్రీలు. వాళ్ళెవరి మనసులోనూ యుద్ధం లేదు.

అప్పటి అధ్యక్షుడు వుడ్రో విల్సన్. గ్రూప్-1 పరీక్షలకు చదువుకునే పిల్లలు ఇక్కడున్నారు కాబట్టి చెబుతున్నా, మీ గైడు తెరిస్తే మొదటి పేజీలో కనబడే పేరు. 1887లో పరిపాలనా శాస్త్రం మీద ఆయన రాసిన వ్యాసంతోనే ఆ సబ్జెక్టు పుట్టిందని మీరు బట్టీ పడతారు. రాజకీయం వేరు, పరిపాలన వేరు, పరిపాలనను శుభ్రంగా వృత్తిలా నడపాలన్నది ఆయన వాదం. మీ గైడులో ఉండని సంగతి ఒకటుంది. అదే విల్సన్ హయాంలో 1913 నుంచి కేంద్ర కార్యాలయాల్లో నల్లజాతి గుమాస్తాలను తెల్లవాళ్ళ నుంచి వేరుచేసి కూర్చోబెట్టారు. పరీక్ష రాసి గెలిచిన ఉద్యోగాల్లోనే! యోగ్యతను చూసే కన్ను రంగునూ చూసింది.

విల్సన్ 1916లో దేశాన్ని యుద్ధానికి దూరంగా ఉంచాడన్న ప్రచారంతో మళ్ళీ గెలిచాడు. జర్మన్ జలాంతర్గాములు, మెక్సికోకు జర్మనీ పంపిన రహస్య తంతి, ఇంగ్లండు ఫ్రాన్సులకు అమెరికా ఇచ్చిన అప్పులు, ఈ కారణాలు మీరు పాఠ్యపుస్తకాల్లో చదివారు. 1917 ఏప్రిల్ 6న యుద్ధం ప్రకటించారు. నాకు ఆశ్చర్యం కలిగించేది కారణాలు కాదు, తర్వాత జరిగిన పని వేగం. జూన్ 5న, ఒక్కరోజులో, ఇరవై ఒకటి నుంచి ముప్ఫై ఏళ్ళ మధ్య మగవాళ్ళు దాదాపు కోటిమంది తమ పేర్లు రాయించుకున్నారు. ఎన్నికల పోలింగు కేంద్రాలే నమోదు కేంద్రాలయ్యాయి. యుద్ధంలోకి దిగేనాటికి లక్షన్నరకు లోపున్న సైన్యం పందొమ్మిది నెలల్లో నలభై లక్షలకు చేరింది. ఏడు శాతంతో మొదలైన ఆదాయపు పన్ను పై మెట్టు 1918లో 77 శాతమైంది. నలభై ఏళ్ళ ముందు, ఉద్యోగాలు పంచుకుంటున్న ఆ పాత సర్కారుకు ఈ పని చేతనయ్యేదా? లెక్కలు తెలిసిన గుమాస్తాలు, పన్ను వెయ్యగల అధికారం, అప్పు పుట్టించగల బ్యాంకు, ఈ మూడూ శాంతికాలంలో మంచి ఉద్దేశంతో కట్టినవే. యుద్ధం వచ్చి వాటిని తన పనికి తిప్పుకుంది.

దత్తమండలం వాళ్ళకు ఇది కొత్త పాఠం కాదు. 1800లో ఈ సీమ కంపెనీ చేతికి వచ్చినప్పుడు థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి ఏడేళ్ళు ఉన్నాడు. పాళెగాళ్ళను అణిచాడు, చేలు కొలిపించాడు, రైతుతో నేరుగా ఒప్పందం పెట్టుకున్నాడు. మన్రోను ఇక్కడివాళ్ళు మంచివాడనే చెప్పుకున్నారు, పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. మధ్యలో దోచేవాడు పోయాడు, నిజమే. కానీ కొలత పడ్డాక ఏ చేను ఎవరిదో, దాని శిస్తెంతో సర్కారుకు తెలిసిపోయింది. వానలు లేని ఏడాది కూడా ఆ లెక్క కచేరీలో భద్రంగా ఉంటుంది.

గాడిచర్ల వారి జీవితానికి దగ్గరగా వచ్చే ఘట్టం ఇప్పుడు చెబుతాను. 1908లో తిరునల్వేలిలో జరిగిన కాల్పుల మీద బెజవాడ స్వరాజ్య పత్రికలో ‘విపరీత బుద్ధి’ అన్న వ్యాసం వేసినందుకు ఆయనకు రాజద్రోహం కింద మూడేళ్ళ కఠిన శిక్ష పడింది. వేలూరు జైల్లో గడిపారు. పదేళ్ళ తర్వాత, లింకన్ పుట్టిన దేశంలో, 1918 జూన్‌లో సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ ఒహాయో రాష్ట్రం కాంటన్ ఊళ్ళో యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడాడు. ఒక్క ఉపన్యాసానికి పదేళ్ళ జైలు. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సమర్థించింది. డెబ్స్ 1920లో అట్లాంటా జైలు నుంచే అధ్యక్ష పదవికి పోటీచేస్తే తొమ్మిది లక్షల పైచిలుకు ఓట్లు పడ్డాయి. విడుదల చేయడానికి విల్సన్ ఒప్పుకోలేదు. తర్వాత వచ్చిన హార్డింగ్ 1921 క్రిస్మసుకు వదిలాడు. రాజు పేరుతో పాలించే దొరతనమైనా, ప్రజల పేరుతో పాలించే ప్రభుత్వమైనా, మాటకు కట్టే వెల ఒకటే కావడం నన్ను కలవరపెడుతుంది.

ఆ కాలంలో అమెరికాను లోపలి నుంచి చూసిన తెలుగువాడు దరిశి చెంచయ్య. కనిగిరి మనిషి, 1912లో చదువు కోసం కాలిఫోర్నియా వెళ్ళి, బ్రిటిషు పాలన మీద తిరుగుబాటు కోరిన గదర్ పార్టీలో చేరాడు. యుద్ధకాలంలో తూర్పు దేశాలకు వచ్చి పట్టుబడి ఏళ్ళతరబడి జైళ్ళు తిరిగాడు. ఆయన ఆత్మకథ చదవనివాళ్ళు చదవండి. గదర్ వాళ్ళకు అమెరికా మొదట ఆశ్రయమిచ్చింది. తాను యుద్ధంలోకి దిగగానే శాన్ ఫ్రాన్సిస్కోలో కేసు నడిపింది. 1918 ఏప్రిల్‌లో ఆ కోర్టుహాలులోనే గదర్ నాయకుడు రామచంద్రను సహముద్దాయి కాల్చి చంపాడు. ఆసియావాళ్ళను రానివ్వని వలస చట్టం 1917 ఫిబ్రవరిలోనే వచ్చింది.

అయినా మనవాళ్ళు విల్సన్‌ను నమ్మారు. 1917లో అనిబిసెంటును నిర్బంధించినప్పుడు మద్రాసు హైకోర్టు మాజీ జడ్జి సర్ ఎస్. సుబ్రహ్మణ్య అయ్యర్ విల్సన్‌కు ఉత్తరం రాశారు. భారతదేశానికి స్వపరిపాలన మాట ఇప్పిస్తే మూడు నెలల్లో యాభై లక్షలమంది సైనికుల్ని ఇస్తామన్నారు. అమెరికన్ దివ్యజ్ఞాన సమాజీకులైన హాచ్‌నర్ దంపతులు దాన్ని చేర్చారు. మంత్రి మాంటేగు పార్లమెంటులో ఆ ఉత్తరాన్ని తూలనాడితే, ఆ ముసలాయన సర్ బిరుదునే వదిలేశారు. 1918 జనవరి 8న విల్సన్ పద్నాలుగు సూత్రాలు చెప్పాడు. చిన్న జాతుల స్వేచ్ఛ గురించి అందులో ఉన్నది యూరపుకేనని ప్యారిస్ సంధి సభ తేల్చేసింది. ఇక ఆయన పెట్టించిన నానాజాతి సమితిలో చేరడానికి ఆయన సెనేటే, ప్రజలు నేరుగా ఎన్నుకున్న ఆ కొత్త సెనేటే, రెండుసార్లు ఒప్పుకోలేదు.

ఇంతవరకు పెద్దవాళ్ళ సంగతి. ఈ యుద్ధం పల్లెలో మనిషి చేతికి ఎలా తగిలిందో చూడాలంటే రూపాయి చూడాలి. ఐదో జార్జి బొమ్మ రూపాయి బరువు సరిగ్గా ఒక తులం. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. కంసాలి త్రాసులో అదే తూకపురాయి. రూపాయలు ఇచ్చి కడియాలు చేయించుకోవడం, కరువొస్తే ఆ కడియాలు కుదువబెట్టి జొన్నలు కొనడం సీమలో బ్యాంకు వ్యవహారమే. యుద్ధంలో బ్రిటిషు ప్రభుత్వం ఇక్కడ సైన్యానికి, సరుకులకు రూపాయల్లో ఖర్చు పెడుతోంది. వెండి ధర పెరిగింది. రూపాయిలో ఉన్న వెండి విలువ రూపాయిని మించే పరిస్థితి వచ్చేసరికి జనం నాణేలు దాచుకున్నారు. ప్రభుత్వం 1917 నవంబరు 30న తొలిసారి ఒక రూపాయి నోటు వేసింది, వెంటనే రెండున్నర రూపాయల నోటు కూడా. కాగితాన్ని ఎవరు నమ్ముతారు? నోటు తీసుకుని వెండి ఇమ్మని ఖజానాల దగ్గర గుంపులు చేరాయి. 1918 వసంతానికి ఖజానాలో వెండి అడుగంటింది.

ఆదుకున్నది అమెరికా కాంగ్రెసు. 1918 ఏప్రిల్ 23న పిట్‌మన్ చట్టం చేసి తన కొట్లలో మూలుగుతున్న వెండి డాలర్లను కరిగించింది; మొత్తం ఇరవై ఏడు కోట్ల డాలర్లు. అందులో అధికభాగం కడ్డీలుగా ఇండియాకు వచ్చి బొంబాయి, కలకత్తా టంకశాలల్లో రూపాయలయ్యాయి. ఒక్కో డాలరులో ఇరవై నాలుగు గ్రాముల వెండి, రూపాయిలో పదిన్నరకు కొంచెం పైన. అంటే ఒక డాలరు కరిగితే రెండుంబావు రూపాయలు. అసలు ఆ డాలర్లు అక్కడ ఎందుకు పోగుపడ్డాయి? 1878లో, 1890లో గనుల రాష్ట్రాల ఒత్తిడికి లొంగి, అవసరం లేకున్నా సర్కారు వెండి కొనాలని చట్టాలు చేశారు. 1893లో భారత టంకశాలలు ప్రజల వెండిని నాణేలుగా కొట్టివ్వడం మానెయ్యగానే ప్రపంచంలో వెండి ధర పడిపోయి, అమెరికాలో ఆ కొనుగోళ్ళు ఆగిపోయాయి. వెండి పక్షాన 1896లో అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిన విలియం జెన్నింగ్స్ బ్రయన్ 1906లో ఇండియా వచ్చి బ్రిటిషు పాలనను తిడుతూ రాస్తే, ఇక్కడ ఆ రచనను నిషేధించారు. ఆదాయపు పన్ను కోసం, ప్రజలెన్నుకునే సెనేటు కోసం పోరాడినవాడూ ఆయనే. విల్సన్ దగ్గర విదేశాంగ మంత్రిగా ఉండి, ఈ దారి యుద్ధానికే పోతోందని 1915లో రాజీనామా చేసినవాడూ ఆయనే. తాను ఏ వెండి కోసం పోటీచేశాడో అది చివరికి ఆ యుద్ధపు ఖర్చుకే ఉపయోగపడింది. 1918లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఎన్నోచోట్ల ఆకలి జనం ధాన్యం కొట్ల మీద పడ్డారు. రూపాయలు వచ్చాయి గాని, వాటితో కొనే గింజల ధర అందలేదు.

రెండో యుద్ధం గురించి అంతసేపు చెప్పను, మొదటిదాన్లో పునాది పడింది కాబట్టి. రూజ్‌వెల్టు 1939లో అధ్యక్షుడి కార్యాలయాన్ని పునర్వ్యవస్థీకరించి తన చేతికింద నిపుణుల బలగాన్ని ఏర్పరచుకున్నాడు. ఆర్థికమాంద్యంతో పోరాడటానికి పెంచిన యంత్రాంగమది. 1941 మార్చిలో మిత్రదేశాలకు ఆయుధాలు అరువిచ్చే లెండ్-లీజు చట్టం, డిసెంబరులో యుద్ధం. 1943లో జీతంలోంచే పన్ను కోసుకునే పద్ధతి పెట్టారు. మీ జీతం చిట్టాలో కనిపించే కోత దాని జాతిదే. 1939లో దాదాపు నలభై లక్షలున్న పన్ను కట్టేవాళ్ళు యుద్ధం ముగిసేనాటికి నాలుగు కోట్లు దాటారు. జపనీయుల సంతతివాళ్ళను, వాళ్ళలో ఎక్కువమంది అమెరికా పౌరులే, లక్షాపాతికవేలకు కొంచెం తక్కువమందిని 1942లో పడమటి తీరం నుంచి తరలించి శిబిరాల్లో పెట్టారు. వాళ్ళు ఏ పేటలో ఎంతమంది ఉన్నారో చెప్పింది జనాభా లెక్కల శాఖ. 1902లో దాన్ని శాశ్వత శాఖగా చేసినప్పుడు అదీ ఒక సంస్కరణే.

న్యాయంగా మరోవైపు కూడా చెప్పాలి. యుద్ధపు కాంట్రాక్టుల్లో దోపిడీని పట్టుకోవడానికి 1941లో సెనేటు ఒక సంఘం వేసింది. మిస్సోరీ సెనేటరు ట్రూమన్ దానికి అధ్యక్షుడు. యుద్ధం జరుగుతుండగానే, తన పార్టీ ప్రభుత్వం మీదే విచారణ నడిపాడు. లింకన్ కాలంలో అలాంటి సంఘమే యుద్ధం ఎలా చెయ్యాలో సేనానులకు పాఠాలు చెప్పి చెడగొట్టిందని చదివి, ఆ జోలికి పోలేదు. లెక్కలకే పరిమితమయ్యాడు. సంస్కరణ అంటే నాకు నచ్చేది అదీ.

ఇంకొకామె ఉంది. మోంటానాలో 1914లో స్త్రీలకు ఓటు వచ్చింది; 1916లో అక్కడి నుంచే అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన తొలి మహిళ జెనెట్ రాంకిన్. పాతికేళ్ళు కూడా తిరగకముందు విలియం క్లార్క్ సెనేటు సీటు కొనుక్కున్న రాష్ట్రమే అది. 1917లో యుద్ధానికి వ్యతిరేకంగా ఓటేసిన యాభైమంది ప్రతినిధుల్లో ఆమె ఒకరు. తర్వాత ఓడింది. మళ్ళీ 1940లో గెలిచింది. పెర్ల్ హార్బరు మీద జపాన్ దాడి జరిగిన మర్నాడు 388 మంది ఔనంటే కాదన్నది ఆమె ఒక్కతే. ఆమె నిర్ణయం సరైనదని నేననను, అప్పటికి వేరే దారి లేదనే అనుకుంటాను. కానీ ఆ రోజు ఆ ప్రశ్నను సభ ముందు పెట్టారు, ఒక్కొక్కరి పేరు పిలిచి ఓటడిగారు. అది చెప్పుకోదగ్గ సంగతి.

ఎందుకంటే అమెరికా కాంగ్రెసు లాంఛనంగా చివరిసారి యుద్ధం ప్రకటించింది 1942 జూన్‌లో, బల్గేరియా, హంగరీ, రుమేనియాల మీద. 1950లో కొరియాకు సైన్యాన్ని పంపినప్పుడు అధ్యక్షుడిగా ఉన్నది, పైసా పైసాకూ లెక్క అడిగిన ఆ ట్రూమనే. అది యుద్ధం కాదని, శాంతిభద్రతల చర్య అని ఒప్పుకున్నాడు, కాంగ్రెసు ఓటు అడగలేదు. వియత్నాం తర్వాత 1973లో నిక్సన్ వీటోను తోసిరాజని కాంగ్రెసు ఒక చట్టం చేసింది: సైన్యాన్ని దింపితే 48 గంటల్లో తెలపాలి, అనుమతి రాకపోతే 60 రోజుల్లో వెనక్కి తియ్యడం మొదలుపెట్టాలి. తర్వాత వచ్చిన అధ్యక్షులు దాన్ని తమ అధికారానికి అడ్డుగానే చూస్తూ వచ్చారు.